రోబో పోటీలు, బడిపిల్లల సైన్సు చదువు: ఒక సమీక్ష

బడిపిల్లలు కొందరు ఒక జట్టుగా చేరి, ఇచ్చిన గడువులోగా ఒక రోబోను తయారుచేసి, దానికి ప్రోగ్రామ్ రాసి, అదే పని చేసుకొచ్చిన ఇతర జట్లతో పోటీపడే పద్ధతి గత మూడు దశాబ్దాల్లో చాలా దేశాలకు వ్యాపించింది. ఇక్కడ రోబో అంటే మనిషి ఆకారంలో నడిచే యంత్రమే అయి ఉండనక్కరలేదు. సెన్సర్ల ద్వారా పరిసరాలను గ్రహించి, ఆ సమాచారాన్ని బట్టి, ముందుగా రాసిపెట్టిన ఆదేశాల ప్రకారం మోటార్లను నడిపించుకునే యంత్రం ఏదైనా రోబోయే. ఈ పోటీలు పిల్లలకు సైన్సును, సాంకేతిక విజ్ఞానాన్ని పాఠ్యపుస్తకం కంటే బాగా నేర్పుతాయని నిర్వాహకులు చెబుతుంటే, ఇవి డబ్బున్న బడుల వేడుకలుగా మిగిలిపోతున్నాయని విమర్శకులు అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. పోటీ దానంతట అది ఏమీ నేర్పదు. దాని నిబంధనలు పిల్లల చేత ఏ పని చేయిస్తున్నాయి, ఆ పని జట్టులో ఎవరి చేతుల మీదుగా జరుగుతున్నది అన్న రెండు విషయాలను బట్టే దాని విద్యావిలువ తేలుతుంది. ఈ పోటీల పుట్టుకను, రకాలను, అవి నేర్పే విషయాలను, వాటిపై జరిగిన పరిశోధనలను, వచ్చిన విమర్శలను ఈ దృష్టితో పరిశీలించి, మన దేశ పరిస్థితికి వాటిని అన్వయించి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

పుట్టుక, వ్యాప్తి

ఈ పోటీలకు రెండు వేర్వేరు మూలాలు ఉన్నాయి, రెండూ అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకే చెందినవి. మొదటిది ఇంజనీరింగ్ తరగతి గది. 1970ల్లో అక్కడి మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు వుడీ ఫ్లవర్స్ యంత్ర రూపకల్పన కోర్సులో విద్యార్థులందరికీ ఒకే రకమైన చిల్లర సామగ్రి ఇచ్చి, దానితోనే ఒక నిర్దిష్టమైన పని చేయగల యంత్రాన్ని తయారుచేయించి, కోర్సు చివర ఆ యంత్రాల మధ్య పోటీ నడిపేవారు. అందరికీ సామగ్రి ఒకటే, సమస్య ఒకటే కాబట్టి, గెలుపోటములు ఆలోచనలో ఉన్న తేడాను బట్టే నిర్ణయమయ్యేవి. ఆ పోటీలు టెలివిజన్‌లో ప్రసారమయ్యేటంత పేరు తెచ్చుకున్నాయి.

రెండవ మూలం పిల్లల మనస్తత్వ అధ్యయనం. జెనీవాలో ప్రసిద్ధ మనస్తత్వవేత్త జాన్ పియాజే వద్ద పనిచేసి వచ్చిన సీమోర్ పాపర్ట్, పిల్లలు కంప్యూటర్‌కు తామే ఆదేశాలు ఇచ్చేలా 1967లో సహచరులతో కలిసి లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. నేల మీద పాకే తాబేలు వంటి చిన్న యంత్రానికి ఇన్ని అడుగులు ముందుకు వెళ్లు, ఇన్ని డిగ్రీలు తిరుగు అని ఆదేశాలిస్తూ పిల్లలు జ్యామితిని నేర్చుకునేవారు. పదిమందికీ చూపించదగిన వస్తువును స్వయంగా తయారుచేసే క్రమంలో మనిషి బాగా నేర్చుకుంటాడన్న పాపర్ట్ సిద్ధాంతానికి కన్‌స్ట్రక్షనిజం అని పేరు. ఆయన 1980లో ప్రచురించిన మైండ్‌స్టార్మ్స్ అనే పుస్తకం పేరునే లెగో కంపెనీ 1998లో విడుదల చేసిన తన రోబో కిట్టుకు పెట్టుకున్నది.

ఈ రెండు పాయలూ కలిసిన చోటు ఫస్ట్ అనే సంస్థ. వైద్య పరికరాల ఆవిష్కర్తగా పేరుపొందిన డీన్ కామెన్ దీనిని 1989లో స్థాపించారు. సమాజం ఆటగాళ్లకు, సినీతారలకు ఇచ్చే గౌరవాన్ని శాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు ఇవ్వడం లేదని, కాబట్టి పిల్లలకు సైన్సును ఒక ఆటలాగా, ప్రేక్షకులు, కేరింతలు, కప్పులు, పతకాలు ఉండే ఉత్సవంలాగా చూపించాలని ఆయన వాదం. ఫ్లవర్స్ తోడ్పాటుతో 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక హైస్కూలు వ్యాయామశాలలో జరిగిన మొదటి పోటీలో 28 జట్లు పాల్గొన్నాయి. 1998లో ఇదే సంస్థ లెగో కంపెనీతో కలిసి, చిన్న వయసు పిల్లల కోసం ఫస్ట్ లెగో లీగ్‌కు శ్రీకారం చుట్టింది.

ఇతర ఖండాల్లోనూ ఇదే కాలంలో ఇలాంటి ప్రయత్నాలు మొదలయ్యాయి. 2050 నాటికి ప్రపంచ విజేతలైన మనుషుల ఫుట్‌బాల్ జట్టును రోబోల జట్టు ఓడించాలన్న లక్ష్యంతో 1997లో జపాన్‌లోని నగోయాలో పరిశోధకుల కోసం రోబోకప్ ప్రారంభం కాగా, బడిపిల్లల కోసం దాని అనుబంధంగా రోబోకప్ జూనియర్ 2000లో మెల్‌బోర్న్‌లో జరిగింది. 2004లో సింగపూర్‌లో మొదలైన వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ ఆసియా దేశాల్లో బాగా వ్యాపించి, 2016లో మన దేశ రాజధాని ప్రాంతంలో అంతర్జాతీయ పోటీలను నిర్వహించింది. 2017 నుంచి ఒక్కో దేశానికి ఒక్కో జట్టు చొప్పున ఫస్ట్ గ్లోబల్ పోటీ జరుగుతున్నది. వాషింగ్టన్‌లో జరిగిన తొలి పోటీకి అఫ్ఘానిస్థాన్ బాలికల జట్టుకు రెండుసార్లు వీసా నిరాకరించి, చివరి నిమిషంలో అనుమతించడం, ఆ జట్టు రజత పతకంతో తిరిగి వెళ్లడం ప్రపంచవ్యాప్తంగా పత్రికల్లో వార్త అయింది.

నిబంధనలే పాఠ్యప్రణాళిక

పైకి అన్నీ ఒకేలా కనిపించే ఈ పోటీలు నిబంధనల దగ్గర వేరు పడతాయి. పాఠశాల చదువులో సిలబస్ చేసే పనిని ఇక్కడ నిబంధనల పుస్తకం చేస్తుంది కాబట్టి, పోటీల మధ్య ఉన్న తేడాను దాని నుంచే అర్థం చేసుకోవాలి.

ఫస్ట్ లెగో లీగ్‌లో గరిష్ఠంగా పదిమంది పిల్లలున్న జట్టు, ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద అమర్చిన నమూనాలతో రోబో చేత పనులు చేయించాలి. ఒక్కో ఆటకు రెండున్నర నిమిషాలు గడువు. రోబో తన స్థావరం దాటి బయటికి వెళ్లాక దానికదే నడవాలి. దారి తప్పిందని పిల్లలు చేత్తో పట్టుకుని వెనక్కి తెస్తే పాయింట్లు పోతాయి. ఈ ఒక్క నిబంధన వల్ల, ఒకసారి బ్రహ్మాండంగా పనిచేసి రెండోసారి మొరాయించే రోబో కంటే, పది సార్లలో పది సార్లూ ఒక మాదిరిగానైనా పనిచేసే రోబోయే మేలని, అంటే ఇంజనీరింగ్‌లో విశ్వసనీయత అనే గుణానికి ఎంత విలువ ఉందో పిల్లలకు ఉపన్యాసం అవసరం లేకుండానే తెలిసివస్తుంది. రోబో ఆటతో పాటు రోబో రూపకల్పన, ఏటా ప్రకటించే ఒక సామాజిక ఇతివృత్తంపై పరిశోధన, జట్టుగా మెలిగే తీరు అనే మరి మూడు అంశాలకూ మార్కులు ఉంటాయి. నగర నిర్మాణం, సరుకు రవాణా, ఇంధన శక్తి, కళలు, సముద్ర గర్భం ఇటీవలి సంవత్సరాల ఇతివృత్తాల్లో కొన్ని. న్యాయనిర్ణేతలు ప్రశ్నలు అడిగేటప్పుడు పిల్లలే జవాబు చెప్పాలి, కోచ్ నోరు మెదపకూడదు.

హైస్కూలు వయసు వారి ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో రోబోలు యాభై కిలోలకు పైగా తూగవచ్చు, మైదానం యాభై అడుగులకు పైగా పొడవు ఉంటుంది. ప్రతి ఆటలో మూడేసి జట్లు ఒక కూటమిగా మరో మూడు జట్ల కూటమితో తలపడతాయి. మొదటి కొన్ని సెకన్లు రోబోలు స్వయంగా నడుస్తాయి, మిగిలిన సమయమంతా పిల్లలు దూరం నుంచి నడిపిస్తారు. కూటములు ఆట ఆటకూ మారుతూ ఉండటం వల్ల ఈ ఆటలో ప్రత్యర్థి అయిన జట్టు వచ్చే ఆటలో మిత్రపక్షం కావచ్చు. అందువల్ల పక్క జట్టు రోబో చెడిపోతే తమ పనిముట్లు, విడిభాగాలు ఇచ్చి బాగుచేయించడం అక్కడ మామూలు. పోటీపడుతూనే సాటివారిని గౌరవించే ఈ నడవడికను ఫ్లవర్స్ ఈ పోటీల మూలసూత్రంగా ప్రచారం చేశారు.

వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లో జట్టుకు ఇద్దరు లేదా ముగ్గురే సభ్యులు. పోటీ రోజు ఉదయం ఎవరికీ ముందుగా తెలియని ఒక కొత్త నిబంధనను ప్రకటిస్తారు. చాలా ఏళ్లపాటు రోబోను విప్పిన భాగాలుగా తెచ్చి, అక్కడికక్కడే బిగించాలన్న నియమం కూడా ఉండేది. ఇంట్లో పెద్దలు కట్టి ఇచ్చిన రోబోతో, బట్టీపట్టిన ప్రోగ్రామ్‌తో వచ్చిన జట్టు ఇలాంటి నిబంధన ముందు నిలబడలేదు. రోబోకప్ జూనియర్‌లో ఫుట్‌బాల్, శిథిలాల్లో చిక్కుకున్నవారిని వెతికే రక్షణ విభాగం, రోబోలతో రంగస్థల ప్రదర్శన అనే విభాగాలుండగా, ఫుట్‌బాల్, రక్షణ విభాగాల్లో దూరం నుంచి రోబోను నడిపించడానికి అసలు వీలుండదు. రోబోను మీటలతో నడిపించే పోటీ యంత్ర నిర్మాణం వైపు, దానంతట అది నడవాల్సిన పోటీ ప్రోగ్రామింగ్, సెన్సర్ల వైపు పిల్లల శ్రద్ధను మళ్లిస్తాయి. పాఠశాలలు పోటీని ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సిన మొదటి తేడా ఇదే.

రోబో నేర్పే సైన్సు

రోబో తయారీలో ఏ సైన్సు ఉన్నదో తెలియాలంటే అందులోని ఒకటి రెండు పనులను దగ్గరగా చూడాలి. బల్ల మీద 88 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఒక మీట దగ్గరికి రోబో తిన్నగా వెళ్లాలనుకుందాం. కొత్త జట్లు చాలావరకు మోటారును మూడు సెకన్లు తిప్పి చూసి, చాలకపోతే నాలుగు సెకన్లకు పెంచి, ఎక్కువైతే మూడున్నరకు తగ్గించి, అడ్డదిడ్డంగా ఎలాగో గమ్యం చేరుస్తాయి. మధ్యాహ్నానికి బ్యాటరీ తగ్గి, మోటారు వేగం పడిపోయాక అదే మూడున్నర సెకన్లకు రోబో మీట దాకా పోకుండా ఆగిపోతుంది. అప్పుడు కాలానికి బదులు చక్రం తిరిగే చుట్లను లెక్కపెట్టాలన్న ఆలోచన వస్తుంది. చక్రం వ్యాసం 5.6 సెంటీమీటర్లు అయితే, దాన్ని పై (π) విలువతో గుణిస్తే చుట్టుకొలత సుమారు 17.6 సెంటీమీటర్లు, 88ని 17.6తో భాగిస్తే సరిగ్గా అయిదు చుట్లు. వృత్త పరిధి సూత్రం పరీక్షలో మార్కుల కోసం చదివిన విద్యార్థికి, అదే సూత్రం ఒక యంత్రాన్ని అనుకున్న చోట ఆపడం ఇక్కడ కంటికి కనిపిస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం 11.2 సెంటీమీటర్లు ఉంటే, రోబో ఉన్నచోటే లంబకోణం తిరగడానికి ఒక చక్రం ముందుకు, మరొకటి వెనక్కు చెరి అర చుట్టు తిరగాలన్నది కూడా అదే లెక్క కొనసాగింపే.

లెక్క సరిపోయినా రోబో రెండు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఎందుకు పోయిందన్న ప్రశ్న దగ్గరే అసలు చదువు మొదలవుతుంది. చక్రం బల్ల మీద జారి ఉండవచ్చు, గేర్ల పళ్ల మధ్య సందు ఉండవచ్చు, రోబో బరువు ఒక పక్కకు ఒరిగి ఉండవచ్చు. వీటిలో ఏది కారణమో తేల్చాలంటే ఒక్కసారి ఒక్కదాన్నే మార్చి, మిగిలినవన్నీ యథాతథంగా ఉంచి, పదేసి సార్లు నడిపి, ఫలితాలను రాసుకుని పోల్చాలి. ప్రయోగంలో చరరాశులను అదుపులో ఉంచడమని పాఠ్యపుస్తకాలు చెప్పే శాస్త్రీయ పద్ధతి ఇదే.

దూరాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఇంకొక మంచి ఉదాహరణ. మనిషి చెవికి వినిపించని ధ్వనిని వదిలి, అది ఎదుటి గోడకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని ఈ సెన్సర్ కొలుస్తుంది. ధ్వని వేగాన్ని ఆ కాలంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. హైస్కూలు భౌతికశాస్త్రంలో ప్రతిధ్వని పాఠంలోని లెక్క ఇదే. అయితే ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అన్నది 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద మాట. 40 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద సాధన చేసే జట్టుకు గాలిలో ధ్వని వేగం దాదాపు 355 మీటర్లకు చేరుతుంది. 343 అనే విలువనే ప్రోగ్రామ్‌లో ఉంచితే, మీటరు దూరంలో ఉన్న గోడను సెన్సర్ సుమారు మూడున్నర సెంటీమీటర్లు దగ్గరగా చూపిస్తుంది. ధ్వని వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుందన్న వాక్యాన్ని ఆ జట్టు ఇక మరచిపోదు.

నల్లగీత వెంట రోబోను నడిపించడం చాలా పోటీల్లో ఉండే పని. కిందికి చూసే కాంతి సెన్సర్ తెల్లని చోట ఎక్కువ అంకెను, నల్లని చోట తక్కువ అంకెను ఇస్తుంది. నలుపు కనబడితే కుడికి, తెలుపు కనబడితే ఎడమకు తిరగమని ఆదేశిస్తే రోబో పాములా మెలికలు తిరుగుతూ వెళుతుంది. దానికి బదులు గీత అంచున రావాల్సిన మధ్యస్థ విలువకూ, ఇప్పుడు వచ్చిన విలువకూ మధ్య తేడాను దోషంగా తీసుకుని, దోషం ఎంత ఉంటే అంత మేరకే మలుపు తిప్పమంటే నడక నున్నగా సాగుతుంది. దోషాన్ని ఒక స్థిరాంకంతో గుణించి సరిదిద్దే ఈ పద్ధతిని అనుపాత నియంత్రణ అంటారు. కర్మాగారాల్లో ఉష్ణోగ్రతను అదుపుచేసే పరికరాల నుంచి విమానాల ఆటోపైలట్ దాకా వాడే నియంత్రణ శాస్త్రానికి ఇది మొదటి మెట్టు. ఎనిమిది పళ్ల గేరుతో ఇరవైనాలుగు పళ్ల గేరును తిప్పితే, ఘర్షణ నష్టాన్ని పక్కన పెడితే, తిప్పే బలం మూడు రెట్లు పెరిగి వేగం మూడో వంతుకు తగ్గుతుందన్న యంత్రశాస్త్ర సూత్రాన్ని కూడా, బరువెత్తలేక ఆగిపోయిన రోబో చేయి ఒక్క పూటలో నేర్పిస్తుంది.

జట్టుపని

బడిలో పరీక్ష ఎవరికి వారు రాస్తారు, పక్కవారిని అడిగితే అది తప్పు. ఉద్యోగంలో ఏ పనీ ఒక్కరి వల్ల కాదు, పక్కవారిని అడగకపోతే అది తప్పు. ఈ రెండు లోకాల మధ్య వంతెనగా జట్టు పోటీలు పనికివస్తాయన్నది వాటి సమర్థకుల ప్రధాన వాదం. యంత్రాన్ని బిగించేవారు, ప్రోగ్రామ్ రాసేవారు, నిధులు సమకూర్చేవారు, ప్రదర్శన తయారుచేసేవారు ఒకరి పని మీద ఒకరు ఆధారపడి ఉండటం వల్ల, బిగింపు చేసేవారు చక్రం మార్చితే ప్రోగ్రామ్ రాసేవారికి వెంటనే చెప్పాలి; చెప్పకపోతే పాత చక్రం చుట్టుకొలతతో వేసిన లెక్కలన్నీ తప్పుతాయి. అందువల్ల ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశారో రాసిపెట్టుకునే ఇంజనీరింగ్ నోటుపుస్తకం చాలా పోటీల్లో మార్కులు తెచ్చే అంశంగా ఉంది.

పెద్ద పోటీల్లో ఇతర జట్ల బలాబలాలను గమనించి నమోదు చేసే పని కూడా జట్టులో కొందరికి అప్పగిస్తారు. మూడు జట్ల కూటమి సాధించిన మొత్తం పాయింట్లే తెలుస్తాయి కాబట్టి, అందులో ఒక్కో జట్టు వాటా ఎంతన్నది విడిగా తేల్చాలి. ఒక్కో ఆటలో ఒక్కో కూటమి పాయింట్లను ఒక్కో సమీకరణంగా రాస్తే, తెలియని రాశులు జట్ల సంఖ్య అంత, సమీకరణాలు అంతకంటే ఎక్కువ. వీటిని కనిష్ఠ వర్గాల పద్ధతిలో సాధించి జట్ల సామర్థ్యాన్ని అంచనా వేసే అలవాటు ఆ పోటీల్లో స్థిరపడిపోయింది. కళాశాల స్థాయి రేఖీయ బీజగణితం హైస్కూలు పిల్లల చేతికి ఆ అవసరం ద్వారా వస్తున్నది.

అయితే జట్టు అన్న మాటలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. గెలవాలన్న తొందరలో బాగా వచ్చినవారికే ఆ పని అప్పజెప్పడం వల్ల, ప్రోగ్రామ్ రాయడం మొదటి వారంలోనే ఒకరిద్దరి సొత్తు అయిపోయి, మిగిలినవారు చివరిదాకా ప్రేక్షకులుగా మిగలవచ్చు. ఒక జట్టు నేర్చుకున్నదంటే అందులోని ప్రతి విద్యార్థీ నేర్చుకున్నట్టు కాదు. పని వంతుల వారీగా మార్చే కోచ్ ఉన్న జట్టులో, ప్రశ్నలను ఎవరినైనా అడిగే న్యాయనిర్ణేతలు ఉన్న పోటీలో మాత్రమే ఈ తేడా తగ్గుతుంది.

పరిశోధనలు చెప్పేది

రోబోల ద్వారా చదువుపై వచ్చిన పరిశోధనలను ఫాబియాన్ బెనిట్టి 2012లో సమీక్షించినప్పుడు, కొలతలతో కూడిన ఆధారాలున్న వ్యాసాలు పది మాత్రమే తేలాయి. వాటిలో ఎక్కువ భాగం విద్యార్థుల అవగాహన పెరిగిందని చూపినా, ఏ మార్పూ కనిపించని అధ్యయనాలు కూడా ఉన్నాయి. అంటే రోబో గదిలోకి రాగానే చదువు దానంతట అదే మెరుగుపడదు.

పిల్లల ఆసక్తి విషయంలో ఆధారాలు ఇంకొంచెం బలంగా ఉన్నాయి. బ్రాండైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో మొదలుపెట్టి అనేక సంవత్సరాలు కొనసాగించిన అధ్యయనంలో, ఫస్ట్ పోటీల్లో చేరిన విద్యార్థులను చేరని విద్యార్థులతో పోల్చి చూశారు. చేరినవారిలో సైన్సు, ఇంజనీరింగ్ పట్ల ఆసక్తి, ఆ రంగాల్లో తమకూ చోటుందన్న భావన ఎక్కువగా కనిపించాయని, బాలికల్లో ఈ ప్రభావం మరింత బలంగా ఉన్నదని ఫలితాలు చెప్పాయి. ఈ అధ్యయనాన్ని చేయించినది ఫస్ట్ సంస్థేనని, రోబోల పట్ల ముందే ఇష్టం ఉన్నవారే ఇలాంటి పోటీల్లో చేరతారని, ఆ తేడాను గణాంక పద్ధతులతో సవరించినా పూర్తిగా తుడిచివేయడం కష్టమని చదువరి గుర్తుంచుకోవాలి. ఆసక్తి పెరగడం, విషయం అర్థం కావడం రెండూ ఒకటి కావన్నది కూడా ఇక్కడ ముఖ్యం.

విషయం ఎప్పుడు అర్థమవుతుందన్న ప్రశ్నకు కార్నెగీ మెలన్ రోబో విద్యా కేంద్రంతో, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో సంబంధమున్న ఎలై సిల్క్, క్రిస్టియన్ షున్ తదితరుల పని ఉపయోగపడుతుంది. రోబోలో గణితం ఉన్నంత మాత్రాన పిల్లలు గణితం వాడరని, ఊహించి సరిచూసుకునే పద్ధతితో కూడా పని గడిచిపోతుందని, గణిత సంబంధాన్ని ముందుకు తెచ్చేలా పాఠాన్ని, సమస్యను ప్రత్యేకంగా తీర్చిదిద్దితేనే అనుపాతం వంటి భావనలు పట్టుబడతాయని వారి వాదన. పైన చెప్పిన 88 సెంటీమీటర్ల ఉదాహరణలో సెకన్లను పెంచుతూ తగ్గిస్తూ పోయే జట్టు కూడా ఆ రోజుకు గెలవవచ్చు. బల్ల మీద ఒక నమూనా చోటును పోటీ ఉదయమే మార్చినప్పుడు మాత్రం కొలిచే జట్టుకు, ఊహించే జట్టుకు మధ్య తేడా బయటపడుతుంది.

విమర్శలు

మొదటి విమర్శ ఖర్చు గురించి. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో ఒక సీజన్ నమోదు రుసుమే కొన్ని వేల డాలర్లు, సామగ్రి, ప్రయాణం అదనం. చిన్న పిల్లల పోటీల్లో వాడే లెగో కిట్ ఒక్కటి అమెరికాలోనే కొన్ని వందల డాలర్లు పలుకుతుంది. సుంకాలు, రవాణా కలిస్తే మన దేశంలో ఇంకా ప్రియం. కాబట్టి కంపెనీల సాయం దొరికే నగరాల బడులకు, తల్లిదండ్రులే ఇంజనీర్లయిన పిల్లలకు ఈ పోటీలు సహజంగానే అనుకూలం.

రెండవ విమర్శ పెద్దల జోక్యం. కోచ్ కాని, తండ్రి కాని, కోచింగ్ సెంటర్ కాని రోబోను కట్టి ఇస్తే, కప్పు పిల్లల చేతికి వస్తుంది, చదువు పెద్దల దగ్గరే ఉండిపోతుంది. చాలా పోటీల నిబంధనల్లో దీనిపై నిషేధం ఉన్నా, అమలు చేసే ప్రధాన సాధనం న్యాయనిర్ణేతలు అడిగే ప్రశ్నలే.

మూడవది బాలికల సంగతి. బాలబాలికలు కలిసిన జట్లలో బాలికలకు చార్టులు, నోటుపుస్తకం, ప్రదర్శన అప్పజెప్పి, బిగింపు, ప్రోగ్రామింగ్ బాలురు తీసుకోవడం తరచు కనిపించే ధోరణి. బాలికలకు ప్రత్యేక జట్లు పెట్టడం ఒక పరిష్కారమైతే, పోటీ స్వరూపాన్నే మార్చడం ఇంకొక పరిష్కారం. నటాలీ రస్క్, మిచెల్ రెస్నిక్ తదితరులు 2008లో రాసిన వ్యాసంలో, సవాళ్లకు మాత్రమే పరిమితం కాకుండా ఇతివృత్తం చుట్టూ పని చేయించడం, కళను ఇంజనీరింగ్‌తో కలపడం, కథ చెప్పే రోబోలను ప్రోత్సహించడం, పోటీకి బదులు ప్రదర్శన పెట్టడం అనే మార్గాలను సూచించారు.

నాలుగవ విమర్శ పోటీ అనే భావన మీదనే. అమెరికా విద్యా విమర్శకులు ఆల్ఫీ కోన్ 1986లో ప్రచురించిన నో కాంటెస్ట్ అనే పుస్తకంలో, పోటీ వల్ల నేర్చుకోవాలన్న సహజమైన కోరిక తగ్గి, గెలవాలన్న కోరిక దాని స్థానాన్ని ఆక్రమిస్తుందని వాదించారు. కూటములు మార్చడం, ఆట పాయింట్లతో సమానంగా రూపకల్పనకు, నడవడికకు మార్కులు ఇవ్వడం వంటివి ఈ విమర్శకు కొంత జవాబు. పూర్తి జవాబు కాదు. పిల్లలు గుర్తుంచుకునేది, బడి గోడ మీద రాసుకునేది చివరికి ఎవరు గెలిచారన్నదే.

మన దేశం, తెలుగు రాష్ట్రాలు

నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఉన్న బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పడ్డాయి. ఒక్కో బడికి పరికరాలకూ నిర్వహణకూ కలిపి ఇరవై లక్షల రూపాయల దాకా సాయం అందే ఈ ల్యాబుల్లో ఆర్డువినో బోర్డులు, సెన్సర్లు, త్రీడీ ప్రింటర్లు ఉంటాయి. దేశవ్యాప్తంగా ఇవి సుమారు పదివేలకు చేరగా, ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో యాభై వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. 2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ను మిడిల్ స్కూలు దశలోకి తెచ్చింది. కేరళ ప్రభుత్వం బడుల్లోని ఐటీ క్లబ్బులకు రోబో కిట్లు పంచి, పదో తరగతి పాఠ్యపుస్తకంలోకి రోబోటిక్స్‌ను తీసుకుని రావడం, పోటీకి వెళ్లే కొద్దిమందితో ఆగకుండా తరగతిలోని అందరికీ ఈ విద్య అందాలన్న దిశలో చెప్పుకోదగిన అడుగు. హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ నమూనాల తయారీకి పెద్ద కేంద్రం. అయితే జిల్లాల్లోని బడిపిల్లలకు అది దూరం.

ల్యాబులో పరికరాలు ఉండటం వేరు, వాటిని బీరువాలోంచి తీసి పిల్లల చేతికి ఇవ్వడం వేరు. పరికరం పాడైతే లెక్క చెప్పాల్సివస్తుందన్న భయం, భౌతికశాస్త్రం టీచరు మీదే అదనపు భారం పడటం, పదో తరగతి ఫలితాల ఒత్తిడి, ఈ మూడూ ప్రభుత్వ బడుల్లోనే కాదు, ప్రైవేటు బడుల్లోనూ ల్యాబులకు తాళం వేయించే కారణాలు. పోటీకి ఉన్న గడువు ఈ తాళాన్ని తీయించగలదు. ఫలానా తేదీకి మండల పోటీ ఉందని తెలిస్తే, ల్యాబ్ వారానికి రెండు పూటలైనా తెరవక తప్పదు.

ఖర్చు కూడా దాటలేని అడ్డంకి కాదు. విదేశీ కిట్టు అక్కరలేకుండా, ఆర్డువినో రకపు బోర్డు, పసుపుపచ్చని బి.ఓ. మోటార్లు రెండు, వాటిని నడిపించే డ్రైవర్ సర్క్యూట్, అల్ట్రాసోనిక్ సెన్సర్, గీతను చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, బ్యాటరీలు కలిపి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కాని, ఆన్‌లైన్‌లో కాని కొంటే, ఒక జట్టుకు కావలసిన రోబో విదేశీ కిట్టు ధరలో చిన్న భాగానికే తయారవుతుంది. పోటీ బల్లకు ప్లైవుడ్, గీతకు నల్లని ఇన్సులేషన్ టేపు చాలు. ఎంచుకునే సమస్య కూడా ఊరిదే కావచ్చు: చేనులో ఒక సాలు నుంచి పక్క సాలుకు తిరగడం, ధాన్యం బస్తాలను గోదాములో వరుసలకు చేర్చడం, వరద నీటి మట్టం పెరిగితే గేటు మూయడం వంటి పనులన్నీ బల్ల మీద నమూనాలుగా అమరుతాయి.

పోటీల నిర్వహణకు అనుభవం లేక కాదు. జనవిజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి సైన్సు సంబరాలు పాఠశాల నుంచి మండలం, జిల్లా, రాష్ట్రం దాకా మెట్లు మెట్లుగా జరిగే సంప్రదాయం తెలుగు నేల మీద చాలాకాలంగా ఉన్నది. జిల్లా సైన్స్ ఫెయిర్లు ఏటా జరుగుతూనే ఉన్నాయి. అయితే వాటిలో చాలా నమూనాలు ఒకసారి చేసి బల్ల మీద పెట్టేవే తప్ప, విఫలమై, కొలిచి, సరిదిద్ది, మళ్లీ నడిపించాల్సినవి కావు. రోబో పోటీ ఆ లోటును తీర్చగలదు.

ముగింపు

ఇంతవరకు చూసినదాన్ని బట్టి తేలేది ఒకటి ఉంది. రోబో పోటీ పిల్లల ఆసక్తిని పెంచుతుందనడానికి ఆధారాలు కొంత బలంగానే ఉన్నాయి. సైన్సును నేర్పుతుందా లేదా అన్నది నిబంధనల మీద, కోచ్ మీద ఆధారపడి ఉంది. కాబట్టి మన జిల్లాల్లో ఇలాంటి పోటీ పెట్టేవారు నాలుగు నిబంధనలను తప్పనిసరి చేయడం మంచిది. పోటీ ఉదయం సమస్యలో ఒక కొలతను మార్చాలి. అప్పుడు కొలిచే జట్టు ఊహించే జట్టును దాటిపోతుంది. న్యాయనిర్ణేతలు జట్టులోని ప్రతి ఒక్కరినీ, వారికి అలవాటైన తెలుగులోనే, ఏ మార్పు ఎందుకు చేశారని అడగాలి. సామగ్రి విలువకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టాలి. జట్టులో బాలికలు ఉండటంతో సరిపెట్టకుండా, ప్రోగ్రామ్ రాయడంలోనూ బిగింపులోనూ అందరికీ వంతులు ఉన్నట్టు నోటుపుస్తకం చూపాలి. ఈ నాలుగింటికీ పెద్ద ఖర్చు లేదు. ఇవి లేకుండా ఎంత ఆర్భాటంగా పోటీ జరిపినా, అది కిట్లు అమ్మే కంపెనీకి, కప్పు గెలిచిన బడి ప్రకటనకు ఉపయోగపడినంతగా పిల్లల సైన్సు చదువుకు ఉపయోగపడదు.